మే నెలాఖరుకి ఖాతాలో 456 రూపాయలు

(సొసైటీ సభ్యుల త్రైమాసిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం.)

ప్రసాదం లైన్లో ఉన్నవాళ్ళు అక్కడి నుంచే వినొచ్చు, మైకు అంతదూరం వస్తుంది.

మీలో చాలామందికి నేను శుక్రవారాలు ఫారాలు నింపే అబ్బాయిగానే తెలుసు. పాస్‌పోర్టు రెన్యువలు, అకామా కాగితాలు, ఊళ్ళో బ్యాంకు పాస్‌వర్డు మర్చిపోతే మళ్ళీ పెట్టించడం. సాఫ్ట్‌వేర్ వాడికి ఇవన్నీ వచ్చేస్తాయని మీ నమ్మకం. ఆ బల్ల దగ్గర కూర్చుని కొన్నేళ్ళుగా చూస్తున్న ఒక సంగతి మీ ముందు పెట్టమని కమిటీ పెద్దలు అన్నారు. సంగతి బీమా గురించి. కంగారు పడకండి, ఎవరికీ పాలసీ అమ్మను. పేదింటికి ఒక చిన్న బీమా ఉంటే ఆ ఇంటి పిల్లలు బడి మానకుండా ఉంటారా, ఉంటే ఎందుకు ఉంటారు, అందులో మన సొసైటీ చేయగలిగింది ఏమైనా ఉందా అన్నదే నా ప్రశ్న.

జూన్ 12 అనగానే మనకు మంగఫ్ గుర్తొస్తుంది. 2024లో ఆ రోజు తెల్లవారుజామున కార్మికులు ఉండే భవనంలో మంటలు లేచాయి. 45 మంది మన దేశస్థులు పోయారు. అందులో ముగ్గురు ఆంధ్రావాళ్ళు. ఆ వారమంతా మనం ఫోన్లకు అతుక్కుపోయి ఉన్నాం. అదే జూన్ 12 ఇంకో రోజు కూడా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2002 నుంచి ఆ తేదీని బాలకార్మిక వ్యతిరేక దినంగా జరుపుతోంది. రెండూ ఒకే తేదీన పడటం కాకతాళీయమే. కానీ కువైట్‌లో ఒక మనిషి పోవడానికీ, ఊళ్ళో ఒక పిల్లవాడు పనికి కుదరడానికీ మధ్య దారి ఎంత పొట్టిదో మన బల్ల దగ్గరికి వచ్చే కాగితాల్లో కనిపిస్తుంది.

ఒక అన్న సంగతి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. రాయలసీమ మనిషి. 20 నంబరు వీసా, ఒక ఇంట్లో డ్రైవరు. వయసు 43. 2024 ఫిబ్రవరిలో రాత్రి పడుకున్నాడు, తెల్లారి లేవలేదు. గుండె. మనమంతా తలా కొంత వేసుకుని ఆయన్ని ఇంటికి పంపాం, పైన కొంత డబ్బు వాళ్ళావిడ చేతికి అందేలా చూశాం. ఆ పని మనవాళ్ళు బాగా చేస్తారు, అందులో ఏ అనుమానమూ లేదు. కొడుకు అప్పుడు తొమ్మిదో తరగతి. వేసవి సెలవుల్లో మామిడి మండీలో పెట్టెలు సర్దడానికి కుదిరాడు. జూన్‌లో బడులు తెరిచారు. వాడు వెళ్ళలేదు. పండ్ల సీజను అయిపోయాక సిమెంటు కొట్టులో చేరాడని వాళ్ళమ్మ చెప్పింది. "ఇంటికి ఆసరా అయ్యాడు సార్" అంది. ఆ మాటలో ఏడుపుతో పాటు కొంచెం గర్వం కూడా ఉంది. అది నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ తర్వాత ఆవిడ పంపిన బ్యాంకు పాస్‌బుక్కు ఫొటోలు చూశాను. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం 2022 దాకా ఏటా పడుతూ వచ్చింది. ఏ కారణంతో మనిషి పోయినా నామినీకి 2 లక్షలు ఇచ్చే పథకం అది. 2015లో మొదలైంది. మొదట్లో ఏడాదికి 330 రూపాయలు, 2022 జూన్ నుంచి 436 చేశారు. 2023 మే నెలాఖరున ఆయన ఖాతాలో ఉన్నది 391 రూపాయలు. ఇక్కడి నుంచి పంపిన జీతం డబ్బు జూన్ 4న పడింది. 330 కాలం నాటి లెక్క మనసులో పెట్టుకుని, అది సరిపోతుందనుకుని ఉంటాడు. 45 రూపాయలు తక్కువై 2 లక్షల బీమా పోయింది.

ఈ లెక్క నేను తలుచుకున్నంతగా మీరూ తలుచుకోవాలని కాదు చెప్పింది. ఈ ఇంట్లో బీమా గురించి తెలియక కాదు, కట్టే మనసు లేక కాదు, డబ్బు లేకా కాదు. పొరపాటంతా తేదీలో ఉంది.

ఇప్పుడు పిల్లవాడి దగ్గరికి వద్దాం. మనం ఏమనుకుంటాం? ఇంట్లో అన్నీ అమ్ముకుని, అప్పులు పుట్టక, ఆఖరికి పిల్లవాణ్ణి పనికి పంపారని అనుకుంటాం. నేను చూసినంతలో వరుస అలా ఉండదు. వీసాకి చేసిన అప్పు నూటికి రెండు రూపాయలో మూడు రూపాయలో వడ్డీతో నడుస్తూ ఉంటుంది. చీటీ వాయిదా ఉంటుంది. మైక్రోఫైనాన్స్ వాళ్ళు వారం వారం వస్తారు. బంగారం తాకట్టు పెడితే బంధువులకు తెలుస్తుంది, గేదెను అమ్మితే ఊరంతా చూస్తుంది. పిల్లవాడు బడి మానితే మాత్రం ఎవరూ తప్పుపట్టరు, పైగా మెచ్చుకుంటారు. అందుకని చాలా ఇళ్ళలో బంగారం కంటే ముందే పిల్లవాడి చదువు కుదువకు వెళ్ళిపోతుంది. తాకట్టు కొట్టులో రసీదు ఉంటుంది, దీనికి రసీదు కూడా ఉండదు.

ఈ మాట నా ఒక్కడిదే అయితే మీరు కొట్టిపారేయొచ్చు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది కదా, మెట్ట పంటల పరిశోధన సంస్థ. వాళ్ళు 1975 నుంచి కొన్ని పల్లెల్లో ఇంటింటి ఆదాయం, ఖర్చు, పని రోజులు ఏళ్ళ తరబడి రాసిపెట్టారు. అందులో పాత మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి ఒకటి. ఆ లెక్కలు పట్టుకుని జాకబీ, స్కూఫియాస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1997లో ఒక పరిశోధన ప్రచురించారు. అనుకోకుండా ఆదాయం పడిపోయినప్పుడు ఆ ఇళ్ళ పిల్లల బడి హాజరు కూడా పడిపోతోందని తేల్చారు. అంటే ఏ బీమా కంపెనీ లేని పల్లెలో పిల్లల కూలీయే బీమాగా నడుస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, దానివల్ల సగటున చదువు పెద్దగా నష్టపోలేదని కూడా వాళ్ళే రాశారు. నాట్లప్పుడు పది రోజులు మానేసి మళ్ళీ వచ్చే పిల్లలు అందులో ఎక్కువ. నాలుగు రోజులు మానిన పిల్లవాడు తిరిగొస్తాడు. తండ్రి పోయిన పిల్లవాడి సంగతి వేరు. వాడికి సీజను ఉండదు.

మన దగ్గరే ఇంకో ఉదాహరణ పత్తి విత్తనాల పొలాలు. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపువాళ్ళు ఇక్కడ ఉంటే వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. సంకర విత్తనం కోసం ఒక్కొక్క పువ్వునీ చేత్తో విప్పి, ఇంకో మొక్క పుప్పొడి రుద్దాలి. క్రాసింగ్ అంటారు. ఆ పనికి ఆడపిల్లల్ని ఎక్కువగా పెట్టేవారు. ఎలా తెచ్చేవారో గమనించండి. సీజనుకు ముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చేవారు. ఇంట్లో జబ్బో, పెళ్ళో, పాత అప్పో వచ్చి డబ్బు అవసరమైన సమయానికి ఆ అడ్వాన్సు సిద్ధంగా ఉండేది. పిల్ల పని చేసి తీర్చేది. ఆ అవసరం వచ్చిన రోజు వేరే ఎక్కడినుంచో 5,000 దొరికి ఉంటే అడ్వాన్సు తీసుకునేవారా? కొందరు తీసుకునేవారు, కొందరు తీసుకునేవారు కాదు. ఆ కొందరి కోసమే ఈ మాటలు.

అసలైన పరీక్ష ఇంకో హైదరాబాదులో జరిగింది. మన చార్మినార్ హైదరాబాదు కాదు, పాకిస్తాన్ సింధ్‌లోది. అక్కడ నేషనల్ రూరల్ సపోర్ట్ ప్రోగ్రామ్ అనే సంస్థ పేదలకు చిన్న అప్పులిస్తుంది. అప్పు తీసుకున్న మనిషికీ, భార్యకో భర్తకో ఆస్పత్రి, ప్రమాద బీమా ముందే ఉంది. కొన్ని బ్రాంచీలను లాటరీ పద్ధతిలో ఎంచి, అక్కడ కుటుంబంలో మిగతావాళ్ళకు కూడా ఆ బీమా తెచ్చుకునే వీలు కల్పించారు. క్లెయిము వచ్చినప్పుడు కాగితాల పనిలో సాయం కూడా పెట్టారు. మిగతా బ్రాంచీలు పాత పద్ధతిలోనే నడిచాయి. జర్మనీకి చెందిన లాండ్‌మన్, ఫ్రోలిష్ అనే పరిశోధకులు రెండు వర్గాల ఇళ్ళనూ పోల్చి చూశారు. 2015లో అచ్చయింది. బీమా పెంచిన చోట పనికి వెళ్ళే పిల్లలు తగ్గారు, ప్రమాదకరమైన పనుల్లో ఉన్నవాళ్ళు తగ్గారు, పిల్లలు తెచ్చే సంపాదన తగ్గింది. మగపిల్లల్లో తేడా ఎక్కువగా కనిపించింది, ఎందుకంటే అక్కడ పనికి ఎక్కువగా వెళ్ళేది వాళ్ళే.

నన్ను ఆపేసిన విషయం ఇంకొకటుంది. బీమా డబ్బు చేతికి వచ్చినందువల్ల పిల్లలు పని మానారా అని చూస్తే, ఎక్కువ భాగం అలా జరిగినట్టు లేదని వాళ్ళ అంచనా. ఏదైనా జరిగితే అండ ఉందన్న ధైర్యమే ముందుగా పనిచేసిందట. నాకు ఇది చాలా సహజంగా అనిపించింది. ఆపద ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో ముందుజాగ్రత్తగా ఒక పిల్లవాణ్ణి పనికి అలవాటు చేసి ఉంచుతారు. "వీడికి చదువు అబ్బదులే, పని నేర్చుకుంటే రేపు పనికొస్తాడు" అంటారు. వాడే ఆ ఇంటి పాలసీ. కాగితం మీద ఇంకో పాలసీ ఉందని, అది నిజంగా డబ్బులిస్తుందని నమ్మకం కుదిరితే వీణ్ణి బడికి వదిలేస్తారు. నమ్మకం కుదరాలంటే తల్లికి ఆ పాలసీ ఉందని తెలియాలి. బీరువాలో ఉన్నా ఆమెకు తెలియకపోతే అది లేనట్టే లెక్క.

ఇక్కడ ఎదురు వాదన చెప్పకపోతే అన్యాయమవుతుంది. మన రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పిల్లల్ని పనిలోంచి బడికి తెచ్చిన ఎం.వి. ఫౌండేషన్ గురించి వినే ఉంటారు. 2003లో రామన్ మెగసెసే అవార్డు పొందిన శాంతా సిన్హా గారి సంస్థ. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వాళ్ళ సూత్రం. పేదరికం వల్లే పిల్లలు పనికి వెళ్తున్నారన్న మాట వాళ్ళు ఒప్పుకోరు. అంతే పేదవాళ్ళు పక్కింట్లో పిల్లల్ని బడికి పంపుతున్నారు కదా, ఊరు గట్టిగా నిలబడితే, బడి సరిగ్గా ఉంటే పిల్లలు వస్తారు అంటారు. వేల మంది పిల్లల్ని తెచ్చి చూపించారు కాబట్టి ఆ మాటకు బలం ఉంది. బీమా కాగితం పంచేసి ఊరుకుంటే బడి దానంతటదే నిండదు. అయితే మన కువైట్ కుటుంబాల్లో పిల్లలు అప్పటికే బడిలో ఉన్నారు. తండ్రో తల్లో ఇక్కడ ఎండలో ఉండేది వాళ్ళ చదువు కోసమే. వాళ్ళను బడికి తేవడం మన సమస్య కాదు. ఒక్క దెబ్బకు జారిపోకుండా పట్టుకోవడమే సమస్య. ఆ పనికి బీమా పనికొస్తుందని నా అభిప్రాయం.

చట్టం వాళ్ళను పట్టుకోదు, అది కూడా తెలుసుకోండి. 2016 సవరణ తర్వాత 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం, కానీ సొంత కుటుంబ వ్యాపారంలో బడి వేళల తర్వాత సాయం చేయొచ్చు. 14 దాటితే ప్రమాదకరం కాని పనులకు అడ్డులేదు. నేను చెప్పిన ఆ కుర్రవాడికి 15. సిమెంటు కొట్టు ముందు ఏ అధికారి వచ్చి నిలబడినా వాడి కోసం కేసు రాయడం కష్టం.

మన రాష్ట్రాల్లో ఈ సంబంధం ముందే గుర్తించినవాళ్ళు ఉన్నారు. 2007లో వచ్చిన ఆమ్ ఆద్మీ బీమా యోజనలో ఏడాదికి 200 ప్రీమియం కేంద్రం సగం, రాష్ట్రం సగం కట్టేవి. సహజ మరణానికి 30 వేలు, ప్రమాదానికి 75 వేలు. దానితో పాటు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా చదివే ఇద్దరు పిల్లలకు నెలకు వంద చొప్పున స్కాలర్‌షిప్. వంద రూపాయలకు ఏమొస్తుందని నవ్వొచ్చు. కానీ ఏ తరగతులు ఎంచుకున్నారో చూడండి. పిల్లలు జారిపోయే వయసు సరిగ్గా అదే. పొదుపు సంఘాల మహిళల నుంచి బీమా మిత్రలను తయారుచేశారు. మరణం సంగతి ఫోనులో తెలియగానే వాళ్ళు ఆ ఇంటికి వెళ్ళి, మట్టి ఖర్చులకు 5,000 చేతిలో పెట్టి, క్లెయిము కాగితాలు వాళ్ళే రాసి తీసుకెళ్ళేవారు. నా దృష్టిలో ఆ పథకంలో గొప్పది ప్రీమియం రాయితీ కాదు, ఆ అక్క గుమ్మం ఎక్కడం. 2016 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన చంద్రన్న బీమాలో కూడా పిల్లలకు ఏడాదికి 1,200 స్కాలర్‌షిప్ పెట్టారు. తెలంగాణలో 2018 నుంచి రైతు బీమా ఉంది. ఏ కారణంతో రైతు పోయినా 5 లక్షలు, పది రోజుల్లో ఇవ్వాలన్నది నియమం. మంచి పథకం. కానీ పట్టా ఉన్నవాడికే. కౌలు రైతు చనిపోతే ఆ ఇంటి పిల్లలకు ఆ 5 లక్షలు లేవు. అలాంటి ఇళ్ళలో పిల్లలే ఎక్కువగా పనికి వెళ్ళేది.

ఆస్పత్రి సంగతి ఒక్క మాటలో. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు తీసేసింది, దానికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. కానీ ఆపరేషన్ అయ్యాక రెండు నెలలు కూలి ఉండదు. పిల్లవాడు పనికి వెళ్ళేది ఆ రెండు నెలల్లోనే. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య ఆసరా అని రోజుకు 225, నెలకు 5,000 దాకా విశ్రాంతి కాలానికి ఇచ్చారు. ఎవరు పెట్టారన్న రాజకీయం పక్కన పెడితే ఆ ఆలోచన సరైనది.

ఇక మన ముచ్చట. ఇక్కడ ఉన్నవాళ్ళకు ఏ బీమా ఉంది?

పది పాసవ్వని కార్మికులు ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వస్తారు. వాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2003లో మొదలైంది, 2017లో మార్చారు. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వచ్చినా 10 లక్షలు. చాలా చవకైన బీమా. మరి లోపం ఎక్కడ? మూడు చోట్ల ఉంది, మూడూ మన బల్ల దగ్గర కనిపించేవే. ఒకటి, పది పాసైతే అది తప్పనిసరి కాదు, కాబట్టి చాలామందికి ఉండనే ఉండదు. రెండు, మూడేళ్ళకు ముగిసిపోతుంది. మన మనిషి పన్నెండేళ్ళు ఇక్కడే ఉంటాడు. వచ్చేటప్పుడు ఏజెంటు తీయించిన కాగితం ఎప్పుడో చెల్లిపోయిందని కూడా తెలియదు. ఆన్‌లైన్లో పొడిగించుకోవచ్చు, పావుగంట పని. మూడోది పెద్దది. గుండెపోటుతో, జబ్బుతో పోతే ఆ 10 లక్షలు రావు. మనం గత కొన్నేళ్ళలో విమానం ఎక్కించి పంపిన వాళ్ళను ఒక్కసారి తలుచుకోండి. రోడ్డు ప్రమాదాలెన్ని, గుండె ఆగినవెన్ని? ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ వారి ప్రవాసాంధ్ర భరోసా కూడా తీసుకోదగ్గదే, ప్రమాద మరణానికి 10 లక్షలు. అదీ ప్రమాదానికే.

ఆ ఖాళీని పూరించేది ఇందాక చెప్పిన జీవన్ జ్యోతి. 18 నుంచి 50 ఏళ్ళ లోపు చేరొచ్చు, ఏటా కడుతూ పోతే 55 దాకా నడుస్తుంది. 436 రూపాయలు. దాని పక్కన సురక్షా బీమా, 20 రూపాయలు, ప్రమాదానికి 2 లక్షలు, 70 ఏళ్ళ దాకా. రెండూ కలిపి 456. మన దేశంలో బ్యాంకు ఖాతా ఉంటే ఎన్నారైలు కూడా చేరొచ్చు. డబ్బు మాత్రం అక్కడే నామినీకి రూపాయల్లో ఇస్తారు. జూన్ 1 నుంచి మే 31 వరకు బీమా సంవత్సరం. మే నెలాఖరున ఖాతాలోంచి కోసుకుంటారు. మధ్యలో మానేసి మళ్ళీ చేరితే మొదటి 30 రోజులు ప్రమాదం తప్ప వేరే మరణానికి వర్తించదు. ఈ రెండు వాక్యాలూ ఇంటికి వెళ్ళి ఫోనులో రాసిపెట్టుకోండి.

మా ఆఫీసులో సర్వర్లకు బ్యాకప్ తీస్తాం. బ్యాకప్ ఉందని చెప్తే మా మేనేజరు నమ్మడు. "రీస్టోర్ చేసి చూశావా?" అంటాడు. బీమాకు కూడా అదే ప్రశ్న వేయాలి. క్లెయిము రోజున ఏమవుతుంది? మన తెలుగువాళ్ళకు మొదటి అడ్డంకి పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం, బ్యాంకులో అది కూడా ఉండదు. మనిషి ఒక్కడే, మూడు పేర్లు. బతికున్నప్పుడు దీన్ని సరిచేయడానికి రెండు గంటలు, పోయాక రెండేళ్ళు. రెండోది నామినీ. పెళ్ళికి ముందు తెరిచిన ఖాతాలో నామినీ తండ్రి, ఆయన కూడా కాలం చేసి ఉంటాడు. కొడుకు పేరు రాస్తే, మైనరు కాబట్టి సొమ్ము తీసుకునే పెద్దవాళ్ళ పేరు కూడా రాయాలి, అది ఖాళీగా వదిలేస్తారు. మూడోది, భార్యకు పాలసీ సంగతే తెలియదు. అక్కలు ఇళ్ళలో పనికి వచ్చిన చోట ఇది తిరగబడుతుంది. సంపాదించేది తల్లి, పిల్లలు అమ్మమ్మ దగ్గర. అమ్మమ్మకు చదువు రాదు. ఆ ఇళ్ళకు బీమా ఇంకా అవసరం, కాగితం ఇంకా కష్టం.

యజమాని దగ్గర రావలసిన బాకీ కూడా మర్చిపోవద్దు. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనివాళ్ళకు కూడా పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం లెక్కన సేవాంతపు సొమ్ము రావాలి. అది బీమా కాదు, వాళ్ళ సొంత డబ్బు. అడిగేవాళ్ళు లేక చాలాసార్లు ఆగిపోతుంది.

ఇప్పుడు కమిటీ ముందు నా విన్నపం. ఎవరైనా పోయినప్పుడు మనం చందాలు వేస్తాం. అది ఆపమనడం లేదు. దానికి ముందు చేయాల్సిన పని ఒకటి పెట్టుకుందామంటున్నాను. సొసైటీకి వచ్చే తక్కువ జీతం వాళ్ళలో 200 మందిని తీసుకుంటే, మనిషికి 456 చొప్పున 91,200 రూపాయలు. దినారు 280 రూపాయలనుకుంటే సుమారు 325 దినార్లు. పండగ రోజున మనం పువ్వులకు, మైకుకు పెట్టే ఖర్చుతో పోల్చడం నాకిష్టం లేదు. అంకె మాత్రం మీకు తెలియాలి. నిజానికి ఆ డబ్బు కూడా మనం కట్టాల్సిన పనిలేదు, చాలామంది తామే కడతారు. వాళ్ళకు కావలసింది మే 20న ఒక ఫోను. "అన్నా, ఖాతాలో ఐదొందలు ఉంచావా?" అని అడిగే మనిషి. ఊళ్ళో బీమా మిత్ర చేసిన పని ఇక్కడ మనం చేయాలి.

ఒక రిజిస్టరు కావాలి. అందులో మనిషి, ఊళ్ళో ఇంటి ఫోను నంబరు, ఏ బీమా ఎప్పుడు ముగుస్తుంది, నామినీ ఎవరు, పిల్లలు ఏ తరగతి. పిల్లల తరగతి ఎందుకని ఒక అంకుల్ నన్ను నిన్న అడిగారు. ఎందుకంటే 2 లక్షలు శాశ్వతం కాదు. వీసా అప్పుకే సగం పోతుంది. డబ్బు వచ్చాక కూడా పిల్లవాడు బడి మానొచ్చు. కాబట్టి ఏడాది తర్వాత మళ్ళీ ఫోను చేసి "బాబు ఎన్నో తరగతి?" అని అడగాలి. మన విద్యా సహాయ నిధి నుంచి ఇచ్చేది ఏదైనా ఉంటే అది చావు రోజున ఒక్కసారి కాకుండా, ప్రతి జూన్‌లో పుస్తకాలు కొనే రోజున ఇద్దాం. ఆ రెండో ఫోనే ఎక్కువ విలువైనదని నా అనుమానం.

ఒక అమ్మమ్మ గారు నాతో అన్నారు, "గుళ్ళో చావు మాటలేంటి నాయనా, శుభం పలుకు" అని. ఆవిడ మాటలో న్యాయం ఉంది. నా సమాధానం ఒకటే. మనం సంకల్పంలో గోత్రం, నక్షత్రం, ఇంట్లో అందరి పేర్లూ చెప్పిస్తాం కదా, వాళ్ళ క్షేమం కోసమే. నామినీ కాలంలో రాసేదీ ఆ పేర్లే.

ఇంటి పనుల్లో ఉన్న అక్కలు, డ్రైవరు అన్నలు ఈ సమావేశానికి రాలేరు. వాళ్ళకు శుక్రవారం సెలవు ఉంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి ఇక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరూ తమకు తెలిసిన ఇద్దరి నంబర్లు ఇవ్వండి, మేమే రాత్రి పది తర్వాత ఫోను చేస్తాం. తెలుగు, ఉర్దూ వచ్చిన వలంటీర్లు ఇద్దరు కావాలి, కాగితాలు స్కాన్ చేయడానికి ఒకరు. వచ్చే శుక్రవారం నుంచి చెప్పుల స్టాండు పక్కన బల్ల వేస్తున్నాం, సాయంత్రం 5 నుంచి 8 వరకు. పాస్‌పోర్టు, బతాకా, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ ఫొటోలు ఫోనులో ఉంటే చాలు. నామినీ పేరు ఆధార్‌లో ఎలా ఉందో ఇంటికి ఫోను చేసి అక్షరం అక్షరం రాసుకుని రండి.